మూడు ట్రేల మీల్‌వార్మ్ కిట్: బెజవాడ ఎండకి ఎంతవరకు ఆగుతుంది?

మీల్‌వార్మ్ అంటే ఒక రకం నల్ల పెంకు పురుగు పిల్ల, కోళ్లకి మేతగా వేస్తారు. దాన్ని ఇంట్లోనే పెంచుకోవడానికి, పెరట్లో ఐదారు కోళ్లు పెంచేవాళ్ల కోసం ఆన్‌లైన్‌లో అమ్ముతున్న కిట్ ఇది. ఒకదానిమీద ఒకటి పేర్చే మూడు ప్లాస్టిక్ ట్రేలు, పై ట్రేకి అడుగున నైలాన్ వల, కిలో గోధుమ పొట్టు, చిన్న జల్లెడ, బతికున్న పురుగులు ఐదు వందలు. పెట్టె మీద ‘పది కోళ్లకు రోజూ తాజా ప్రొటీన్’ అని ఉంటుంది. ముందు ఆ మాట సంగతి తేల్చాలి.

బాగా ఎదిగిన మీల్‌వార్మ్ బరువు గ్రాములో పదో వంతుకు కాస్త అటూ ఇటూ. ఐదు వందలూ కలిపి తూస్తే యాభై, అరవై గ్రాములు. గుడ్లు పెట్టే కోడి రోజుకు 100 నుంచి 120 గ్రాముల మేత తింటుంది. అందులో పురుగుల వాటా పదో వంతు మించకూడదు కాబట్టి కోడికి పది గ్రాములు, ఆరు కోళ్లకి అరవై. అంటే కిట్‌లో వచ్చినవన్నీ ఆరు కోళ్లకి ఒక్క రోజు చిరుతిండి, అంతే. ఇది మేత కాదు, విత్తనం. మొదట్లో ఒక్కటి కూడా కోడి ముందు వేయకూడదు.

25 నుంచి 28 డిగ్రీల వేడిలో గుడ్డు పగలడానికి ఒకటి రెండు వారాలు, పురుగు ఎదగడానికి ఎనిమిది నుంచి పది వారాలు, ప్యూపాగా (మేత తినకుండా పడుండే మార్పు దశ) మరో వారం పది రోజులు పడుతుంది. ఆ తర్వాత వచ్చే నల్ల పెంకు పురుగు రెండు మూడు నెలలు బతుకుతుంది. ఆడది ఆలోపు 250కి పైనే గుడ్లు పెట్టగలదు. కానీ పెద్దవి గుడ్లనీ ప్యూపాలనీ తినేస్తాయి, ఇంటి పెంపకంలో నష్టాలూ ఎక్కువే. ఆడదానికి వంద పురుగులు చేతికొస్తాయని లెక్క వేసుకోవడం క్షేమం. ఆ లెక్కన ఆరు కోళ్లకి రోజూ అరవై గ్రాములు అందాలంటే ఎప్పుడూ ఏడెనిమిది వందల పెంకు పురుగులు ఉండాలి. కిట్‌లోంచి నాలుగు వందలు నిలిస్తే గొప్ప. నాలుగు నెలలు ఆగాక మొదటి కాపు సగం కోటాకే సరిపోతుంది, అందులోంచీ కొంత మళ్లీ విత్తనానికి వదలాలి. పెట్టె మీద రాయాల్సింది ఇది.

ట్రేల అమరిక మాత్రం మంచిదే. పై ట్రేలో పెంకు పురుగులు ఉంటాయి, గుడ్లు వల సందుల్లోంచి కింద ట్రేలోకి రాలతాయి, పెద్దవాటి నోటికి అందవు. మూడో ట్రే ప్యూపాలకి. గోడలు నున్నగా ఉండటంతో పురుగులు పైకి పాకలేవు. లోపం ఆ నైలాన్ వలలోనే ఉంది. పెంకు పురుగులు దాన్ని కొరికి చిల్లులు పెడతాయి, అంచున పెట్టిన జిగురు వేసవిలో మెత్తబడి ఊడుతుంది. హార్డ్‌వేర్ షాపులో కిటికీలకి వాడే స్టీలు మెష్ ఒక ముక్క కొని, ట్రే అడుగు కోసి, చిన్న నట్లూ బోల్టులతో బిగిస్తే పీడ వదులుతుంది. కంపెనీయే మొదటినుంచీ ఆ మెష్ వేసి ఉంటే ఈ రివ్యూలో ఇంకో స్టార్ పడేది. మూతకున్న గాలి రంధ్రాలు కూడా చాలవు. మూత తీసేసి పలచటి నూలు గుడ్డ కట్టడమే మేలు.

కిలో పొట్టు రెండు నెలల్లో అయిపోతుంది. తర్వాత పశువుల దాణా అమ్మే దుకాణంలో గోధుమ పొట్టు కొనుక్కోవచ్చు. మన దగ్గర చవగ్గా దొరికేది వరి తవుడు కదా, అది వేస్తే పోదా అనిపిస్తుంది. అందులో నూనె ఎక్కువ, మిల్లు నుంచి వచ్చిన కొద్ది రోజులకే కమురు వాసన వేస్తుంది, ఉండలు కట్టి బూజు పడుతుంది. కొద్దిగా కలపొచ్చు కానీ దానిమీదే ఆధారపడకూడదు. ఏ పొట్టు తెచ్చినా వాడేముందు మూడు రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. అది కుదరకపోతే కడాయిలో సన్న మంట మీద బాగా వేడెక్కేదాకా తిప్పి పూర్తిగా ఆరబెట్టండి. సంచితో పాటు వచ్చే పొడిపురుగులు (దుమ్ములా కనిపించే మైట్లు), వాటి గుడ్లు అప్పుడే చస్తాయి.

నీళ్ల గిన్నె అక్కర్లేదు. క్యారెట్, బంగాళాదుంప, చిలగడదుంప ముక్కలు చాలు. దోసకాయ, టమాటా వేస్తే పొట్టు తడుస్తుంది. బజారు ఆకుకూరలు, క్యాబేజీ పైరేకులు వద్దు. పురుగుమందు కొట్టిన ఆకు పురుగుకి వేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఇక ఎండ. కిట్‌తో వచ్చే కాగితంలో ‘గది ఉష్ణోగ్రతలో ఉంచండి’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. రాసినవాళ్లు మే నెలలో విజయవాడ డాబా ఇంట్లో, పై అంతస్తులో ఒక మధ్యాహ్నం గడిపి ఉండరు. 30 దాటితే ఎదుగుదల మందగిస్తుంది, గుడ్లు తగ్గుతాయి. 35 దాటితే చావులు మొదలవుతాయి. 40 దాకా వెళ్తే ట్రేలకి ట్రేలే పోయే ప్రమాదం ఉంది. పైగా పురుగులు గుంపుగా ఉన్నచోట వాటి ఒంటి వేడే పొట్టుని గదికంటే కొన్ని డిగ్రీలు పైకి లేపుతుంది. అందుకే థర్మామీటర్ గోడకి కాదు, ట్రే మధ్యలో పొట్టులో గుచ్చి చూడాలి. మార్చి నుంచి పొట్టు మందం మూడు సెంటీమీటర్లు మించనివ్వకుండా, పురుగుల్ని రెండు ట్రేలకి పంచాలి. కింది అంతస్తులో ఉత్తరపు గది ఉంటే అక్కడ పెట్టండి. స్టాండు చుట్టూ తడి గోనె పట్టా కడితే పడమటి గాడ్పు పొడిగా వీచినన్నాళ్లూ చల్లదనం ఇస్తుంది. ఉక్కపోత రోజుల్లో అదే పట్టా తేమ పెంచి బూజుకి దారి చేస్తుంది కాబట్టి తీసేయాలి.

రోహిణి కార్తె గట్టెక్కడానికి నమ్మకమైన దారి ఫ్రిజ్. ఎదిగిన పురుగుల్ని పొడి పొట్టుతో, చిల్లులు పెట్టిన డబ్బాలో 8–10 డిగ్రీల దగ్గర పెడితే నిద్రపోయినట్టు ఉండిపోతాయి. వారానికోసారి బయటికి తీసి, ఒక పూట క్యారెట్ తిననిచ్చి మళ్లీ లోపల పెట్టాలి. గుడ్లకీ పెంకు పురుగులకీ ఈ పద్ధతి పనికిరాదు. ఇంట్లో మిగతావాళ్లు ఒప్పుకుంటారా అన్నది వేరే సంగతి.

వానాకాలంలో శత్రువు తేమ. ట్రే అంచున గోధుమరంగు దుమ్ములాంటిది పేరుకుని, తేరిపార చూస్తే కదులుతుంటే అవి పొడిపురుగులు. ముక్కలు వేయడం నాలుగు రోజులు ఆపి, పొట్టు మొత్తం మార్చి, ట్రేలు కడిగి ఎండలో ఆరబెట్టాలి. ఆ నెలల్లో వేసిన క్యారెట్‌ని రెండో రోజుకల్లా తీసేయాలి.

చీమలకి స్టాండు కాళ్ల కింద సబ్బునీళ్ల గిన్నెలు పెడితే చాలు. చీమల చాక్‌పీస్ గీయొద్దు, ఆ గదిలో దోమల కాయిల్, ప్లగ్‌లో పెట్టే దోమల మందు వాడొద్దు. చీమని చంపే మందే వీటినీ చంపుతుంది. బియ్యం బస్తాల పక్కన మాత్రం ట్రేలు పెట్టకండి, ఇది అసలు ధాన్యానికి పట్టే పురుగే. జల్లెడ పట్టేటప్పుడు మాస్కు కట్టుకోవాలి, ఆ దుమ్ము ఆయాసం ఉన్నవాళ్లకి పడదు. కింద దిగిన సన్నటి పెంట మొక్కలకి మంచి ఎరువు.

కోళ్ల సంగతికొస్తే, ఎండిన మీల్‌వార్మ్‌లో దాదాపు సగం ప్రొటీన్, పావు వంతుకు పైగా కొవ్వు ఉంటాయి, కాల్షియం మాత్రం నామమాత్రం. గుడ్లు పెట్టే కోళ్లకి ఆల్చిప్పల నూక విడిగా గిన్నెలో పెట్టాలి. ఈకలు రాల్చే రోజుల్లో కాస్త ఎక్కువ వేయొచ్చు. బతికున్న పురుగు కోడి పొట్ట కొరికి బయటికొస్తుందన్న మాట నమ్మక్కర్లేదు.

ఐదుకి మూడు స్టార్లు. పది కోళ్లు దాటినవాళ్లకి, ఏడాది పొడవునా మేత ఖర్చు తగ్గించుకోవాలనుకునేవాళ్లకి ఇది సరిపోదు. వేడిని బాగా తట్టుకునే బ్లాక్ సోల్జర్ ఫ్లై (ఒక రకం ఈగ) పురుగులు వాళ్లకి నయం, అవి వంటింటి చెత్తనే తింటాయి. నాలుగైదు కోళ్లుండి, ఓపిక ఉన్నవాళ్లు దసరా తర్వాత తెప్పించుకోండి, వేసవి లోపల ఒక తరం చేతికొస్తుంది. మార్చిలో ఆర్డర్ చేస్తే కొరియర్ వ్యానులోనే సగం పోతాయి.

పెట్టె విప్పగానే పురుగుల పొడవు చూడండి. రెండున్నర సెంటీమీటర్ల లోపు ఉండి, లేత గోధుమ పసుపు రంగైతే మీల్‌వార్మ్‌లే. నాలుగైదు సెంటీమీటర్లుండి, తలా తోకా నల్లగా ఉంటే సూపర్‌వార్మ్‌లు (ఇంకో పెద్ద జాతి పురుగులు) అంటగట్టారన్నమాట. అవి గుంపులో ఉన్నంతకాలం ప్యూపాగా మారవు, ఫ్రిజ్‌లో చస్తాయి. ఫొటో తీసి అదే రోజు వాపసు పెట్టేయండి.