బాస్ ఎన్‌ఎస్-2 ఆరేళ్లు వాడాక: చివర కొనాల్సింది, ముందే కొన్నాను

2018 డిసెంబర్‌లో కొన్నాను ఈ పెడల్. గిటార్ వాయించనప్పుడు ఆంప్ (యాంప్లిఫైయర్) రొదని ఆపే నాయిస్ సప్రెసర్ ఇది, కాలితో తొక్కే డబ్బా. క్రిస్మస్ సీజన్ వచ్చిందంటే మా గుంటూరు వైపు లీడ్ గిటార్ వాయించేవాడికి ఊపిరి సలపదు. ఇవాళ మన చర్చిలో సెమీ క్రిస్మస్, రేపు ఇంకో ఊళ్లో పందిరి కింద సభ, ఎల్లుండి మరోటి. పాటలు నడుస్తున్నంతసేపూ ఏమీ తెలిసేది కాదు. పాట ఆగి, పాస్టర్ గారు ప్రార్థనకి "కళ్లు మూసుకుందాం" అనగానే నా ఆంప్ అందుకునేది, గుయ్‌య్‌య్‌ మని. అంత నిశ్శబ్దంలో తేనెపట్టు పక్కన నిలబడినట్టే. కీబోర్డ్ వాయించే తమ్ముడు ఒక కన్ను తెరిచి నావైపు చూసేవాడు. నేను గబగబా వాల్యూమ్ తగ్గించేవాణ్ణి, మళ్లీ పాట మొదలైనప్పుడు పెంచడం మర్చిపోయేవాణ్ణి. ఆ బాధ పడలేక ఈ డబ్బా కొన్నాను.

బాస్ కంపెనీ దీన్ని 1987లో తెచ్చింది. 2023లో ఎన్‌ఎస్-1ఎక్స్ అని ఇంకోటి వచ్చింది గానీ నేను వాడలేదు కాబట్టి దాని జోలికి పోను. ఎన్‌ఎస్-2 మాత్రం ఆరేళ్లు నా కాలి కింద నలిగింది, రెండుసార్లు వానలో తడిసింది, ఒకసారి మినీ వ్యాన్ వెనక నుంచి కింద పడింది. ఇంకా పనిచేస్తోంది. గట్టిదనం గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

కొన్న మొదటి నెలలోనే అర్థమైన సంగతి ఒకటుంది. ఇది ఆ గుయ్యిమనే హమ్‌ని తీసెయ్యదు, మీరు వాయించనప్పుడు తలుపు వేసేస్తుంది, అంతే. స్ట్రింగ్ మీటగానే తలుపు తెరుచుకుంటుంది, నోటుతోపాటు హమ్ కూడా లోపలికి వచ్చేస్తుంది. నా హమ్ ఎంత పెద్దదంటే దాన్ని ఆపడానికి థ్రెషోల్డ్ నాబ్ (ఎంత శబ్దానికి తలుపు తెరవాలో చెప్పేది) గడియారంలో మూడు గంటల చోటు దాకా తిప్పాల్సి వచ్చేది. అంత పెంచితే ఏమవుతుంది? ఆరాధన పాటల్లో వాల్యూమ్ నాబ్ చిటికెన వేలితో మెల్లగా పైకి లేపుతూ వాయిస్తాం కదా, ఆ స్వెల్ మొదటి సగం మింగేసేది. చివర్లో పట్టుకున్న నోటు మెల్లగా సన్నబడాల్సింది, టక్కున తెగిపోయేది. పెడల్‌ని తిట్టుకుంటూ దాదాపు ఏడాది గడిపాను, అమ్మేద్దామనుకున్నాను కూడా. తప్పు దానిది కాదని తెలిసింది మా ఇంట్లో, ఒక ఏప్రిల్ సాయంత్రం.

స్ట్రింగ్స్ మీద చెయ్యి పెడితే హమ్ తగ్గుతుంది, తీస్తే పెరుగుతుంది, అది మామూలే. స్ట్రింగ్స్ ఆనే బ్రిడ్జి కింద నుంచి ఒక వైరు గ్రౌండ్‌కి, అంటే కేబుల్, ఆంప్ మీదుగా సాకెట్ ఎర్త్‌కి వెళ్తుంది కాబట్టి మన ఒంటికి అంటిన చెత్తంతా అందులోకి దిగిపోతుంది. కానీ ఆ రోజు చెప్పుల్లేకుండా గచ్చు మీద నిలబడి వాయిస్తుంటే వేళ్లకి సన్నగా చిమచిమ. అనుమానం వచ్చి టెస్టర్ తెచ్చి ఆరో స్ట్రింగ్ మీద పెట్టి వెనక వేలు ఆనించాను. లోపల బుల్లి దీపం ఎర్రగా వెలిగింది. గిటార్ తీగ మీద టెస్టర్ వెలిగితే ఎలా ఉంటుందో చూసినవాళ్లకే తెలుస్తుంది, అరచేతులు చల్లబడిపోయాయి.

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్ ఊడదీస్తే, పైన ఉన్న పెద్ద ఎర్త్ కన్నం వెనక అసలు వైరే లేదు. మూడు పిన్నుల సాకెట్, రెండు వైర్లు. "పాత ఇళ్లల్లో ఇంతే అన్నా, ఫ్రిజ్ పాయింటుకి తప్ప లాగరు" అన్నాడు చాలా మామూలుగా. పెరట్లో ఎర్త్ గొయ్యి ఉంది గానీ ఎండాకాలానికి ఎండిపోయి ఉంది. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య వంద వాట్ల బల్బు పెట్టి చూపించాడు, గుడ్డి దీపంలా వెలిగింది. గొయ్యి తవ్వించి, ఉప్పూ బొగ్గూ కొత్తగా వేయించి, నాలుగు బకెట్ల నీళ్లు పోసి, బోర్డు నుంచి నా గదికి ఆకుపచ్చ వైరు లాగిస్తే అదే బల్బు పూర్తిగా వెలిగింది. ఈ బల్బు పరీక్ష మీరు చెయ్యకండి, తెలిసినవాళ్ల చేతే చేయించండి. ఆ రాత్రి ఆంప్ ఆన్ చేస్తే హమ్ సగానికి సగం లేదు. పెడల్ ఆఫ్‌లోనే ఉంది.

పనిలో పనిగా ఇంకో మాట. సభల్లో ఎక్స్‌టెన్షన్ బోర్డులో పట్టదని ఆంప్ ప్లగ్గు ఎర్త్ పిన్ను కోసేసేవాళ్లు ఉంటారు, కొందరైతే హమ్ తగ్గుతుందని కావాలనే కోస్తారు. తగ్గొచ్చు కూడా. ఒకసారి ఒక పందిట్లో నేను గిటార్ పట్టుకునే మైకులో పాడబోయాను, పెదవి మైకు జాలీకి తగలగానే పళ్లు కదిలేంత షాక్ కొట్టింది. ఆంప్ ఒక దారి, మిక్సర్ ఒక దారి, మధ్యలో నేను. అప్పటి నుంచి ఆంపూ పెడల్సూ మిక్సరూ అన్నీ ఒకే బోర్డు నుంచి తీసుకుంటాను, దానికి సౌండ్ వాళ్లతో గొడవైనా సరే.

ఎర్త్ కుదిరాక మిగిలిన శబ్దాన్ని చెవి పెట్టి వింటే అది ఒకటి కాదు, రెండు. లావుగా మూలిగేది ఒకటి, జర్ర్‌ర్ అని గీరేది ఇంకోటి. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని రెట్టింపు 100. లావు ఇ స్ట్రింగ్ మూడో ఫ్రెట్ మీద జి నోటు 98 హెర్ట్జ్. అంటే మన దేశంలో హమ్ దాదాపు జి శ్రుతిలోనే, కాస్త హెచ్చుగా పాడుతుంది. జి స్కేల్ పాటల్లో దాక్కుని, ఎఫ్ షార్ప్ పాటల్లో పట్టుబడిపోతుంది. నవ్వుకోండి గానీ, నేను ఏ పాటల్లో ఎక్కువ ఇబ్బంది పడ్డానో లెక్క వేస్తే నిజమే అనిపించింది.

జర్రుమనేదాని సంగతి ఫ్యాన్ ఆపితే తేలింది. తిప్పే రకం ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్, రెండు మూడు మీద ఉంటే ఘోరంగా, ఐదు మీద పెడితే కొంచెం నయం. అది కరెంటు తరంగాన్ని మధ్యలో నరుకుతుంది, ఆ నరుకుడే మనకి వినపడుతుంది. దాన్ని తీసేసి కెపాసిటర్ ఉన్న స్టెప్ రెగ్యులేటర్ పెట్టించాను, సగం జర్రు పోయింది. చర్చిలో అయితే డిసెంబర్‌లో నక్షత్రానికి చుట్టిన సీరియల్ లైట్లు వెలిగి ఆరినప్పుడల్లా ఆంప్‌లో టిక్కు టిక్కుమని. కరెంటు పోయి పాత రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అందుకుంటే ఇక చెప్పక్కర్లేదు, గిటార్ కాదు పిండి మర.

మిగతా సగం గిటార్‌లో ఉంది. నాది స్ట్రాట్ టైపు, తీగల కదలికని పట్టే పికప్‌లు మూడూ సింగిల్ కాయిల్స్, అంటే ఒక్క తీగచుట్టే ఉన్నవి. పికప్ స్విచ్ రెండో పొజిషన్, నాలుగో పొజిషన్ (రెండేసి పికప్‌లు కలిసి పనిచేసేవి) పెడితే హమ్ పడిపోయేది, ఎందుకంటే నా గిటార్‌లో మధ్య పికప్ చుట్టుడూ అయస్కాంతమూ మిగతా రెంటికీ ఎదురు. పికప్పే హమ్ పట్టుకుంటోందని దీన్నిబట్టి తెలిసిపోతుంది. గిటార్ వాల్యూమ్ సున్నా చేసినా హమ్ పోలేదంటే మాత్రం గిటార్ వదిలేసి కేబుల్ నుంచి వెతకండి. ఒక ఆదివారం మధ్యాహ్నం గిటార్ ముందున్న ప్లాస్టిక్ పలక, పిక్‌గార్డ్ విప్పి, లోపలి గుంతకీ పిక్‌గార్డ్ వెనక్కీ రాగి టేపు అంటించాను. జిగురు వైపు కూడా కరెంటు పారే రకం టేపు కొనాలి, లేకపోతే ముక్కకీ ముక్కకీ సంబంధం ఉండదు. మల్టీమీటర్ బీప్ పెట్టి ఈ మూల నుంచి ఆ మూలకి తాకించి చూసుకుంటూ, బీప్ రాని చోట చిన్న సోల్డర్ చుక్క వేసుకుంటూ, చివర ఒక వైరుతో గ్రౌండ్‌కి కలిపి మూసేశాను. మూడు గంటల పని, రెండు వేళ్లు తెగాయి, రాగి అంచు బ్లేడు లాంటిది.

రాగితో జర్రు పోతుంది, మూలుగు పోదు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రాన్ని ఆ పల్చటి రేకు ఆపలేదు. అది పోవాలంటే రెండు కాయిల్స్ ఒకదాని హమ్‌ని ఒకటి కొట్టేసే హంబకర్ పికప్ పెట్టుకోవాలి, ఆ గొంతు నాకు నచ్చదు, కాబట్టి భరిస్తాను. పెడల్స్ అన్నిటికీ ఒకే చైన్ అడాప్టర్ వాడేవాణ్ణి, దాన్ని మార్చి ఒక్కో అవుట్‌పుట్ విడివిడిగా ఉండే సప్లై కొన్నాక శబ్దాన్ని గరుకుగా చేసే డ్రైవ్ పెడల్ వెనక సన్నటి కీచు కూడా పోయింది.

ఇన్ని అయ్యాక ఎన్‌ఎస్-2ని మళ్లీ బోర్డు మీదికి ఎక్కించాను. ఈసారి నాలుగు జాక్‌లూ వాడాను: గిటార్ ఇన్‌పుట్‌కి, సెండ్ నుంచి డ్రైవ్ పెడల్స్‌కి, అవి తిరిగి రిటర్న్‌కి, అవుట్‌పుట్ నుంచి డిలే, రివర్బ్ (ప్రతిధ్వని ఇచ్చే పెడల్స్), ఆంప్. ఇలా పెడితే తలుపు ఎప్పుడు తియ్యాలో శుభ్రమైన గిటార్ శబ్దం విని నిర్ణయిస్తుంది, మూసేది మాత్రం డ్రైవ్ చేసిన రొదని. డిలే, రివర్బ్ దాని తరవాతే ఉండాలి, లేదంటే వాటి తోకలు కూడా కోసేస్తుంది. ఇప్పుడు థ్రెషోల్డ్ తొమ్మిది గంటల దగ్గర, తలుపు ఎంత మెల్లగా మూసుకోవాలో చెప్పే డికే నాబ్ మధ్యలో. స్వెల్స్ పూర్తిగా వస్తున్నాయి, నోటు చివరిదాకా సన్నబడుతోంది. మోడ్ మ్యూట్‌లో పెట్టి ప్రార్థన మొదలవగానే ఒక్క తొక్కు తొక్కుతాను, శబ్దమంతా ఆగిపోతుంది.

ఇంట్లో ఎర్త్ సరిగ్గా ఉండి, డ్రైవ్ బాగా వాడేవాళ్లయితే కొనండి. క్లీన్ వాయించేవాళ్లకి అవసరం లేదు, ఆ డబ్బుతో ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

నా మూలుగు ఇంకా కొంచెం ఉంది. మా చర్చిలో ఆంప్‌కి పక్కగా, కిటికీ వైపు తిరిగితే అది దాదాపు వినపడదు, కాబట్టి ఆరాధనంతా అటే తిరిగి వాయిస్తాను. బయట ఏం చూస్తున్నావు బాబూ అని ముందు వరసలో కూర్చునే అమ్మగారు ఇప్పటికి రెండుసార్లు అడిగారు.