ఏడేళ్లుగా స్ప్రే ఫోమ్ ఉన్న ఇంట్లో

ఇంటి పైకప్పుకు లోపలి వైపు, వేడిని ఆపడానికి, క్లోజ్డ్ సెల్ స్ప్రే ఫోమ్ (కొట్టగానే పొంగి గట్టిపడే నురగ, దాని లోపలి చిన్న అరలు మూసుకుని ఉంటాయి) కొట్టించి ఏడేళ్లయింది. పనితనానికి వంక పెట్టలేను. ఎండాకాలం మధ్యాహ్నం అడుగుపెట్టలేని పై గదిలో ఇప్పుడు పిల్లలు కూర్చుని చదువుకుంటున్నారు. సందులన్నీ మూసుకుపోవడంతో బయటి గాలి చొరబడదు, ఏసీ నడిచే సమయం బాగా తగ్గింది. ఇన్నేళ్లలో ఎక్కడా ఊడలేదు, కుంగలేదు.

కానీ నేను ఇది చేయించింది బిల్లు కోసం ఒక్కటే కాదు, వాతావరణానికి మేలు జరుగుతుందని. బాధంతా అక్కడే. రెండేళ్ల క్రితం ఇంకో గది వేసేటప్పుడు పాత ఫోమ్ డేటా షీట్ (అందులో ఏమేం ఉన్నాయో కంపెనీ ఇచ్చే కాగితం) తీసి చదివాను. నురగను పొంగించడానికి వాడిన గ్యాస్ హెచ్‌ఎఫ్‌సీ-245ఎఫ్ఏ. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 858 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. కొంత స్ప్రే చేస్తున్నప్పుడే గాలిలో కలుస్తుంది, మిగతాది ఫోమ్ లోపలి చిన్న అరల్లోంచి ఏళ్ల తరబడి మెల్లగా కారుతుంది. పని చేసినవాళ్లు ఆ మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు. చాలా రోజులు మనసు కుదుటపడలేదు.

ఫోమ్ వల్ల ఆదా అయిన కరెంటుతో ఆ నష్టం తీరుతుందా? కరెంటు బొగ్గు నుంచి వస్తుంటే త్వరగా తీరుతుంది, సోలార్, గాలిమరల వాటా పెరిగేకొద్దీ ఆలస్యమవుతుంది. మందం సంగతీ చూడాలి. మొదటి అంగుళాలే ఎక్కువ వేడిని ఆపుతాయి. ఆ తర్వాత కొట్టే ప్రతి అంగుళానికీ గ్యాస్ అంతే పడుతుంది, ఆదా మాత్రం తగ్గుతూ పోతుంది. మేం అవసరానికి మించి కొట్టించామని ఇప్పుడు అనిపిస్తోంది.

కొత్త గదికి హెచ్‌ఎఫ్‌ఓ-1233జెడ్‌డీ అనే వేరే గ్యాస్‌తో పొంగే ఫోమే కావాలని పట్టుబట్టాను. దాని ప్రభావం కార్బన్ డయాక్సైడ్‌కు దాదాపు సమానం. వేడిని ఆపడంలో నాకు తేడా కనిపించలేదు. ఓపెన్ సెల్ ఫోమ్‌ను (అరలు తెరుచుకుని ఉండే మెత్తటి రకం) సాధారణంగా నీళ్లతోనే పొంగిస్తారు, కాకపోతే అంగుళానికి అది ఆపే వేడి దాదాపు సగమే. అటక నేల మీద మాత్రం ఫోమ్ వద్దనుకుని, పాత న్యూస్‌పేపర్లతో చేసే సెల్యులోజ్ పరిపించాను. ఇప్పటికి బాగానే ఉంది.

మీరు చేయించుకునేటట్టయితే అడ్వాన్స్ ఇచ్చే ముందే డేటా షీట్ అడిగి, గ్యాస్ పేరు చూడండి. తర్వాత చేసేదేమీ ఉండదు. చెక్కకు అతుక్కున్న ఫోమ్‌ను గీకి తీయాల్సిందే, తీస్తే లోపల మిగిలిన గ్యాస్ కూడా బయటికి పోతుంది. అందుకే మా పాత ఫోమ్‌ను కదిలించడం లేదు. పైకప్పు ఎక్కడైనా కారితే ఆ రోజే బాగు చేయిస్తున్నాను.