159 లెక్క నేర్పిన బ్రాడీపేట తరగతి

గుంటూరు బ్రాడీపేటలోని ఒక కోచింగ్ కేంద్రంలో గ్రూప్-2 పరీక్ష కోసం మూడు నెలల పాటు పాలిటీ తరగతులకు వెళ్లాను. అక్కడ చేరదలచినవారి కోసం రాష్ట్రపతి ఎన్నిక పాఠం ఒక్కదాని గురించే రాస్తున్నాను. అక్కడి బోధనలోని మంచీ, లోపమూ రెండూ నాకు ఆ పాఠంలోనే కనిపించాయి.

ఈ ఎన్నిక గురించి చెప్పే రాజ్యాంగంలోని 54, 55 అధికరణలను బట్టీ పట్టించి వదిలేయడం ఇంతకుముందు వేరేచోట చూశాను. ఇక్కడి మాస్టారు మాత్రం 2022లో మన రాష్ట్రం ఎలా ఓటు వేసిందన్న ప్రశ్నతో మొదలుపెట్టి, 1971 జనాభా లెక్కల ప్రకారం నేటి ఆంధ్రప్రదేశ్ పరిధిలోకి వచ్చే 2,78,00,586 మందిని 175 శాసనసభ స్థానాలతోనూ, ఆపైన వెయ్యితోనూ మా చేతనే భాగింపజేశారు. 158.86 వచ్చింది. సగానికి మించిన భిన్నాన్ని ఒకటిగా తీసుకోవాలి కనుక రాష్ట్రపతి ఎన్నికలో మన ఒక్కో ఎమ్మెల్యే ఓటు విలువ 159 అయింది. ఉత్తరప్రదేశ్‌లో అది 208 అనీ, సిక్కింలో 7 మాత్రమేననీ చెప్పినప్పుడు తేడా ఎందుకని ఎవరూ అడగవలసిన అవసరం రాలేదు.

2022 ఎన్నికలో మన రాష్ట్రం నుంచి ఓటు వేసిన 173 మంది ఎమ్మెల్యేల ఓట్లూ ద్రౌపది ముర్ముకే పడ్డాయి. వాటి విలువ 27,507. ఆమె ప్రత్యర్థి యశ్వంత్ సిన్హాకు ఇక్కడ ఒక్కటీ రాలేదు. ఫలానావారికే ఓటు వేయాలని పార్టీలు విప్ జారీ చేయడానికి వీల్లేని రహస్య ఓటింగులో, సభలో నిత్యం తలపడే వైసీపీ, తెలుగుదేశం ఒకే అభ్యర్థిని బలపరచడం వల్ల ఇది జరిగిందని వివరిస్తూ, ఎమ్మెల్యేలకు గులాబీ రంగు, ఎంపీలకు ఆకుపచ్చ రంగు బ్యాలెట్ ఇస్తారనీ, దానిపై అభ్యర్థుల ప్రాధాన్యక్రమాన్ని 1, 2 అని అంకెలతోనే గుర్తించాలనీ బోర్డు మీద గీసి చూపించారు. మనకు కూతవేటు దూరంలోని వెలగపూడి అసెంబ్లీలో జరిగిన పోలింగును ఇంత శ్రద్ధగా చెప్పినవారిని నేను చూడలేదు.

విడిగా డబ్బు కట్టించుకుని ఇచ్చే అచ్చు నోట్సు మాత్రం ఈ బోధనకు తగినట్టు లేదు. అందులో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 148 అని ఉంది. అది 294 స్థానాల ఉమ్మడి రాష్ట్రానిది. 2012 ఎన్నికతోనే దాని కాలం ముగిసింది. పరీక్షలో ఒక మార్కుతో ఉద్యోగం చేజారే పిల్లలకు ఇలాంటి తప్పు అచ్చువేసి ఇవ్వడం అన్యాయం. ఆఫీసులో చెబితే తర్వాతి ముద్రణలో సరిచేస్తామన్నారు. పోయిన వారం కొత్త బ్యాచిలో చేరిన మా చెల్లెలి నోట్సులోనూ 148 అనే ఉంది. దాన్ని కొట్టేసి, పక్కన భాగహారంతో సహా 159 రాసి ఇచ్చాను.