న్యూ హాంప్‌షైర్ 48 శిఖరాలు: అన్నీ ఎక్కి దిగాక నా సమీక్ష

అమెరికాలో బోస్టన్ నుంచి కారులో ఉత్తరానికి రెండున్నర గంటలు వెళ్తే న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని వైట్ మౌంటెన్స్ వస్తాయి. ఆ కొండల్లో 4,000 అడుగులు దాటిన శిఖరాలు 48 అని ఒక జాబితా ఉంది. అన్నిటినీ కాలినడకన ఎక్కి, కాలినడకనే దిగినవాళ్ళకి అప్పలాచియన్ మౌంటెన్ క్లబ్ గుర్తింపు ఇస్తుంది. ఒక సర్టిఫికెట్టు, బ్యాగుకి కుట్టుకునే గుడ్డ ప్యాచ్ ఒకటి. మెడల్ లేదు, గడువు లేదు, నిజంగా ఎక్కావా అని వెనకాల వచ్చి చూసేవాడూ లేడు. దరఖాస్తులో తేదీలు రాసి పంపితే నమ్ముతారు.

"ఆ కొండ మీద ఏ దేవుడున్నాడే?" అని మా అమ్మ తెనాలి నుంచి ఫోన్లో అడిగేది. ఎవరూ లేరమ్మా, రాళ్ళ గుట్ట ఉంటుంది అంటే "మరి అంత దూరం పడుతూ లేస్తూ ఎందుకే?" అనేది. కొన్నేళ్ళ శనివారాలు ఈ జాబితాకి ధారపోశాక ఆవిడకి చెప్పడానికి నా దగ్గర ఒక జవాబు తేలింది. ఈ జాబితా లేకపోతే ఇందులో సగం కొండల పేర్లు కూడా నాకు తెలిసేవి కావు. తీరా చూస్తే నాకు బాగా గుర్తుండిపోయినవి ఆ సగమే.

ముందు లెక్క సంగతి. 1957లో క్లబ్ వాళ్ళు జాబితా వేసినప్పుడు 46 శిఖరాలే. తర్వాత కొత్త కొలతలు వచ్చి 48 అయ్యాయి. ఎత్తు ఒక్కటే చాలదు, పక్కనున్న పెద్ద కొండతో కలిపే గట్టు మీంచి కనీసం 200 అడుగులు పైకి లేవాలి. అందుకే 5,533 అడుగుల మౌంట్ క్లేకి ఇందులో చోటు లేదు. టెకంసే అనే కొండకేమో 4,003 అడుగులని చోటిచ్చారు, తీరా లైడార్ అనే లేజర్ పద్ధతిలో కొలిస్తే అది 4,000 కూడా లేదని తేలింది. మేం ఎక్కినప్పుడు జాబితాలో ఉంది కాబట్టి మా చెమట వృథా కాలేదనుకోండి.

ఈ ఎత్తులు చూసి తక్కువ అంచనా వెయ్యకండి. నాలుగు వేల అడుగులంటే పన్నెండు వందల మీటర్ల పైచిలుకు, మన అరకు వైపు అర్మ కొండ ఇంతకన్నా ఎత్తు. ఇక్కడ కష్టం ఎత్తులో లేదు, దారిలో ఉంది. పాత దారులు చాలావరకు మలుపులు తిరక్కుండా ముక్కుసూటిగా పైకి వెళ్ళిపోతాయి. మా గుంపులో ఇద్దరు అలిపిరి మెట్లు ఎక్కిన ధీమాతో మొదలుపెట్టారు. అక్కడ మెట్టు మెట్టులా ఉంటుంది. ఇక్కడ మెట్టంటే మోకాలెత్తు గ్రానైట్ బండ, దాని మీద నాచు, పక్కనే తడిసి సబ్బులా జారే వేరు. గైడుబుక్కులో ఒక సూత్రం ఉంది: మైలుకి అరగంట, ప్రతి వెయ్యి అడుగుల ఎక్కుడుకి ఇంకో అరగంట. మొదటి ఏడాది ఆ లెక్క మాకు అసలు సరిపోలేదు. తర్వాత ఎక్కడం సరిపోయింది గానీ దిగడం ఏనాడూ సరిపోలేదు. మౌంట్ మాడిసన్ పైభాగం మొత్తం విరిగిపడ్డ బండలే, కొన్ని కాలు పెట్టగానే కదులుతాయి. అక్కణ్ణుంచి దిగుతుంటే ప్రతి అడుగూ చూసి వెయ్యాల్సిందే. మోకాళ్ళ గురించి బెంగ ఉన్నవాళ్ళు రెండు చేతికర్రలు లేకుండా ఈ పనికి దిగొద్దు.

పేరున్న కొండల గురించి పెద్దగా చెప్పను. ఫ్రాంకోనియా రిడ్జ్ మీద లఫాయెట్ నుంచి లింకన్ దాకా చెట్టన్నది లేకుండా ఆకాశంలో నడిచే దారి, బాండ్‌క్లిఫ్ అంచున నిలబడి అందరూ దిగే ఫొటో, ఇవన్నీ నిజంగానే అంత బాగుంటాయి. కాకపోతే అక్టోబరు శనివారం ఫ్రాంకోనియా వెళ్తే తిరుమల క్యూ గుర్తొస్తుంది. సీజన్లో కింద పార్కింగుకి చోటు దొరక్క, దూరంగా కారు పెట్టి షటిల్ బస్సెక్కాల్సి వస్తుంది. వారం మధ్యలో సెలవు పెట్టుకుని వెళ్ళండి.

నేను చెప్పాలనుకున్నది ఔల్స్ హెడ్ లాంటి వాటి గురించి. రానూపోనూ దాదాపు 18 మైళ్ళు, పైన చూడ్డానికి చెట్లు తప్ప ఏమీ లేవు. ఈ జాబితా మొత్తంలో జనం ఎక్కువ తిట్టుకునే కొండ ఇదేనేమో. లింకన్ వుడ్స్ దగ్గర మొదలయ్యే దారి ఒకప్పుడు కలప మోసిన రైలు కట్ట. పట్టాలు పీకేశారు గానీ కొన్నిచోట్ల స్లీపర్లు ఇంకా మట్టిలోనే ఉన్నాయి. వాటి మధ్య దూరం మన అడుగుకి సరిపడదు. ఒక్కొక్కటీ తొక్కుతూ వెళ్తే చిన్నపిల్లల నడకలా ఉంటుంది, రెండేసి దాటితే గంతులేసినట్టుంటుంది. మైళ్ళకి మైళ్ళు అదే వరస. తర్వాత వాగులు, రాళ్ళ మీద అడుగులేసి దాటాలి, ముందురోజు వాన పడితే అదీ కుదరదు. ఆఖర్న కొండచరియ విరిగిపడ్డ జారుడు మీంచి ఎక్కాలి. సగం ఎక్కి వెనక్కి తిరిగితే ఫ్రాంకోనియా రిడ్జ్ మొత్తం వెనకవైపు నుంచి కనబడుతుంది. రోడ్డు లేదు, ఇల్లు లేదు, మనిషి అలికిడి లేదు. ఆ కొండల్ని అటువైపు నుంచి చూసేవాళ్ళు తక్కువ. ఈ జాబితా కోసం కాకపోతే నేను మటుకు అక్కడికి ఎందుకు వెళ్తాను?

జీలాండ్ కూడా అంతే. పైకి చేరితే చెట్ల మధ్య చెక్క మీద పేరు ఉంటుంది, దాని పక్కన నిలబడి ఫొటో దిగి వచ్చెయ్యడమే. హేల్ మీద పెద్ద రాళ్ళ కుప్ప. టామ్, ఫీల్డ్ కొండల మీద గ్రే జే అని బూడిదరంగు పిట్టలుంటాయి, మనుషులంటే అస్సలు భయం లేదు. చేతి మీద వాలి మా ఆయన తింటున్న చెగోడీ లాక్కుని పోయింది ఒకటి. ఇవ్వొద్దని పెద్దలు చెప్తారు, మేం ఇవ్వలేదు, అదే తీసుకుంది.

ఫీల్డ్ పక్కనే విల్లీ. 1826 ఆగస్టులో పెద్ద వానకి ఆ కొండచరియ విరిగిపడితే, కింద లోయలో ఉన్న విల్లీ కుటుంబం ఇల్లు వదిలి బయటికి పరుగెత్తి మట్టి కింద పోయారు. పనివాళ్ళతో కలిపి తొమ్మిదిమంది. ఇంటి వెనకాల ఉన్న బండ ఆ మట్టిని రెండుగా చీల్చడంతో ఇల్లు మాత్రం చెక్కు చెదరలేదు. ఈ కథ తెలిశాక ఆ కొండ మీది నిచ్చెనమెట్లు ఎక్కుతుంటే కాళ్ళకంటే మనసే ఎక్కువ బరువైంది.

ఇక జాబితాతో నాకున్న పేచీ. అది ఎక్కమంటుంది, ఆగమని ఎప్పుడూ అనదు. ఇంకా పన్నెండు ఉన్నాయి, ఇంకా తొమ్మిది ఉన్నాయి అని లెక్కపెట్టుకునే మనిషికి నల్లమబ్బు కూడా తెల్లగానే కనబడుతుంది. మౌంట్ వాషింగ్టన్ 6,288 అడుగులే, కారు రోడ్డు, పళ్ళ చక్రాల రైలు రెండూ పైదాకా వెళ్తాయి. అయినా 1934 ఏప్రిల్ 12న అక్కడి వాతావరణ అబ్జర్వేటరీ వాళ్ళు గంటకి 231 మైళ్ళ గాలి కొలిచారు. చెట్లు ఆగిపోయే చోట అడవి శాఖ బోర్డులు ఉంటాయి: ఇక్కడి నుంచి అమెరికాలోకెల్లా అధ్వాన్నమైన వాతావరణం, ఎండాకాలంలో కూడా జనం చచ్చిపోయారు, బాలేకపోతే ఇప్పుడే వెనక్కి తిరగండి అని. జులైలో జెఫర్సన్ శిఖరం కింద మాకు ఎండ కాస్తూనే ఉంది. మాతో వచ్చిన గుంటూరు కుర్రాడు "అక్కా, మేఘం ఇటే వస్తోంది, పోదాం పద" అన్నాడు. శిఖరం కళ్ళముందే ఉంది, నాకు ఒళ్ళు మండింది. చెట్లలోకి దిగేసరికి వడగళ్ళు. ఆ తర్వాత ఆ కుర్రాణ్ణి వదిలి ఏ పెద్ద కొండకీ వెళ్ళలేదు. వెళ్ళే ముందురోజు రాత్రి అబ్జర్వేటరీ వాళ్ళు ఇచ్చే పై శిఖరాల ఫోర్‌కాస్ట్ చూడ్డం తప్పనిసరి, ఫోన్లో వచ్చే ఊరి వాతావరణం పనికిరాదు.

సామాను గురించి నాలుగు మాటలు. కాటన్ బట్టలు వద్దు, తడిస్తే ఆరవు, గాలికి వణుకు పుడుతుంది. బూట్ల మీద డబ్బు పెట్టండి, అయినా గ్యారంటీ లేదు. పేరు మోసిన కంపెనీవి కొంటే నాకు మూసిలాకీ కొండ మీద ఒక బూటు అడుగుభాగం ఊడొచ్చింది, తాడుతో కట్టుకుని దిగాను. చలికాలంలో బూటుకి తొడిగే మైక్రోస్పైక్‌లు లేకుండా నవంబరు తర్వాత వెళ్ళనే వెళ్ళొద్దు. డిసెంబర్లో సాయంత్రం నాలుగు దాటగానే చీకటి, నెత్తికి కట్టుకునే లైటు ప్రతి మనిషికీ ఒకటి ఉండాలి. మే ఆఖర్నుంచి జూన్ మధ్యదాకా నల్లదోమల్లాంటి ఈగలు చెవుల వెనకాల కొరుకుతాయి. తిండికి పులిహోరని మించింది లేదు, కాకపోతే జనవరిలో నూనె గడ్డకట్టి చెంచా దిగదు. అప్పుడు ఫ్లాస్కులో వేడివేడి చారు, జేబులో పల్లీ చిక్కీ. చిక్కీని ఒంటికి దగ్గరగా పెట్టుకోండి, లేకపోతే పన్ను ఊడుతుంది.

ఖర్చు పెద్దగా లేదు. చాలాచోట్ల పార్కింగుకి అయిదు డాలర్లు. ఏడాదికి 25 డాలర్లు, కుటుంబానికైతే 35 పెట్టి హైక్ సేఫ్ కార్డు తీసుకోండి. ఈ రాష్ట్రంలో మీ అజాగ్రత్త వల్ల రెస్క్యూ వాళ్ళు రావాల్సొస్తే బిల్లు మీకే పంపుతారు, కార్డుంటే ఆ బాధ తప్పుతుంది. మరీ తెగించి చేసిన పనికి మాత్రం కార్డూ కాపాడదు.

ఎవరికి పనికొస్తుందంటే, ఒకే కొండ పదిసార్లు ఎక్కి విసుగెత్తినవాళ్ళకి. ఒక్క సీజన్లో ముగించాలనుకునేవాళ్ళకి వద్దంటాను, అలా ముగించినవాళ్ళు నాకు తెలుసు, ఏ కొండ ఏదో వాళ్ళకే గుర్తులేదు. మొదటిది పియర్స్ పెట్టుకోండి. క్రాఫర్డ్ పాత్ మీద నడుస్తారు, 1819లో వేసిన దారి, ఎక్కుడు నెమ్మదిగా ఉంటుంది. ఔల్స్ హెడ్, ఐసొలేషన్ లాంటి దూరపువి మధ్యలో పూర్తిచెయ్యండి, ఆఖరికి మిగుల్చుకున్నారంటే మీతో సంబరానికి వచ్చేవాళ్ళు ఉండరు. ఆఖరిదిగా జాక్సన్ బాగుంటుంది, పోను రెండున్నర మైళ్ళ పైచిలుకు, పైనుంచి వాషింగ్టన్ నిండుగా కనబడుతుంది. నడవలేని పెద్దవాళ్ళని కింద క్రాఫర్డ్ నాచ్ కనుమలో హైలాండ్ సెంటర్ అనే బస దగ్గర కూర్చోబెట్టి రావచ్చు. అక్కడ కాఫీ దొరుకుతుంది, బాత్రూములు శుభ్రంగా ఉంటాయి.