బుడాపెస్ట్ పెద్ద మార్కెట్‌కి ఒక గుంటూరోడి రివ్యూ

యూరప్ వెళ్లొచ్చినోడు ఈఫిల్ టవర్ గురించి రాయకుండా మిరపకాయల కొట్ల గురించి రాస్తున్నాడేంటని నవ్వుకోకండి. వీపున బ్యాగు వేసుకుని ఇరవై రోజులు తిరిగినదాంట్లో నాకు బాగా గుర్తుండిపోయింది ఇదే, పైగా మాది మిర్చి యార్డులో కమీషన్ కొట్టు, కాబట్టి ఈ విషయంలో మాట్లాడే హక్కు నాకు కాస్త ఉందనుకుంటున్నా.

వియన్నా నుంచి హంగరీ రాజధాని బుడాపెస్ట్‌కి రైల్లో మూడు గంటల లోపే. కెలెటి స్టేషన్లో దిగి నాలుగో నంబరు మెట్రో పట్టుకుంటే నాలుగో స్టాపు ఫోవామ్ తేర్, పైకి రాగానే మార్కెట్ కనిపిస్తుంది. 1897లో కట్టారు. ఎర్ర ఇటుకల గోడలు, పైన రంగురంగుల పెంకులు. నేనైతే మొదట రైల్వే స్టేషన్ అనుకుని దాటిపోయా.

పొద్దున్నే వెళ్లండి. ఆరింటికే తీస్తారు, ఏడింటికి వెళ్తే ఊళ్లోవాళ్లే సంచులు పట్టుకుని కూరగాయలు బేరమాడుతూ ఉంటారు, పదకొండు దాటితే టూర్ గ్రూపులు దిగిపోయి నడవడానికి చోటుండదు. ఆదివారం తీస్తారో లేదో ప్లాన్ చేసుకునేటప్పుడు చూసుకోండి.

కింది అంతస్తులో ఎక్కడ చూసినా ఎండు మిరపకాయల దండలే. మన గుమ్మాలకి దిష్టికి కట్టినట్టు ప్రతి కొట్టుకీ వేలాడుతుంటాయి. నాకు ఆశ్చర్యమేసింది ఏంటంటే, అన్ని మిరపకాయల మధ్య నిలబడ్డా ఒక్క తుమ్ము రాలేదు! మన యార్డులో గేటు దాటకముందే ముక్కు కారుతుంది కదా. అక్కడ మిరపనీ, దాని పొడినీ పాప్రికా అంటారు. పొడి కొనేటప్పుడు రెండు మాటలు గుర్తుపెట్టుకోండి: ఏదెష్ అంటే తియ్యనిది, చీపోష్ అంటే కారం. నేను ధీమాగా చీపోష్ అడిగితే కొట్లో ఆవిడ కంగారుగా చెయ్యి ఊపుతూ వద్దు వద్దంది, చిటికెడు నాలుక మీద వేసుకుని చూస్తే మన బ్యాడిగ కాయ పొడికి చుట్టంలా ఉంది, రంగు అద్భుతం, కారం మాత్రం పిల్లల అన్నంలో కలిపేంత. గింజలూ లోపలి ఈనెలూ తీసేసి ఆడిస్తే ఘాటు తగ్గుతుంది, దానికితోడు వాళ్లు వేసే రకాలే తియ్యనివి. కారం కోసం కాదు, రంగు కోసం, ఆ తియ్యటి వాసన కోసం వాడుకుంటారు. ఇది అర్థమయ్యాక నాకు పాప్రికా మీద గౌరవం పెరిగింది. సెగెడ్ అనే ఊళ్లో పాప్రికా నుంచి విటమిన్ సి తీసిన ఆల్బర్ట్ సెంట్‌జార్జికి 1937లో నోబెల్ కూడా ఇచ్చారు. మా నాన్నకి ముప్పై ఏళ్లుగా మిర్చి టిక్కీల (బస్తాల) మధ్య కూర్చున్నందుకు దగ్గు తప్ప ఏమీ రాలేదు.

గుడ్డ సంచిలో బుల్లి చెక్క స్పూను పెట్టి అమ్మేవి కొనకండి, ఆ డబ్బంతా సంచికే. మామూలు పొట్లం చాలు.

పై అంతస్తులో తిండి. లాంగోష్ అని, మైదా పిండిని పొంగబెట్టి నూనెలో వేయిస్తారు, పెద్ద సైజు పూరీ అనుకోండి, కాకపోతే మెత్తగా, మందంగా ఉంటుంది. వెల్లుల్లి నీళ్లు రాసి, పుల్లటి మీగడ, తురిమిన చీజ్ వేస్తారు. వేడిగా ఉన్నప్పుడు తింటే సూపర్, చల్లారితే చెప్పులే. నేను తిన్న కొట్లో అడక్కుండానే ఉల్లిపాయలు, ఇంకో రకం చీజ్ వేసి, చివర్లో ప్రతిదానికీ విడిగా లెక్కేశాడు, మన డబ్బుల్లో దాదాపు వెయ్యి అయింది. పూరీకి వెయ్యి! ముందే చేత్తో చూపించి "ఇంతే" అనండి, యూరోలు కాకుండా వాళ్ల డబ్బు ఫోరింట్లే ఇవ్వండి. గుయాష్ కూడా దొరుకుతుంది, అది కూర కాదు, చారు, సాధారణంగా బీఫ్‌తో చేస్తారు, తినని వాళ్లు అడిగి తీసుకోండి.

బేస్‌మెంట్‌కి టూరిస్టులు పెద్దగా దిగరు, నాకు అదే నచ్చింది. ఊరగాయల కొట్లు. సీసాల్లో దోసకాయలు, మిరపకాయలు నవ్వే మొహాల్లా పేర్చి పెడతారు. నూనె లేదు, ఆవపిండి లేదు, అంతా ఉప్పునీళ్లూ వెనిగరూ. క్యాబేజీ కూరిన మిరపకాయ ఒకటి కొనుక్కుని, పక్కనే ఉన్న ఆకుపచ్చ వంతెన మీద ట్రాములు చూస్తూ తిన్నా. కింద డాన్యూబ్, అవతల గెల్లెర్ట్ కొండ, ఆ పావుగంటకి మాత్రం టికెట్ లేదు.

ఇంటికొచ్చాక నాన్న పొట్లం విప్పి, పొడి అరచేతిలో వేసుకుని బొటనవేలితో రుద్ది చూశాడు. "రంగుంది గానీ కారమేదిరా?" అన్నాడు. తర్వాత పొట్లం మీద రేటు చెప్పమని, దాన్ని క్వింటాకి లెక్కేసుకుని, కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుని, "వాళ్లకి మన తేజా మిర్చి ఎవరన్నా పంపుతున్నారా?" అనడిగాడు.