జుట్టు రాలితే కొరియాలో రెండు తలుపులు

సియోల్‌లో జుట్టు పలచబడిన మనిషి సంప్రదాయ కొరియా వైద్యుడి దగ్గరికైనా వెళ్లొచ్చు, చర్మవైద్యుడి దగ్గరికైనా వెళ్లొచ్చు.

మొదటాయన నాడి పట్టి, నాలుక చూసి, నిద్ర, అరుగుదల, ఆఫీసు టెన్షన్ గురించి అడుగుతాడు. 1613లో అచ్చయిన, కొరియా వైద్యుడు హో జున్ రాసిన వైద్యగ్రంథం ‘తొంగుయి బోగం’ ప్రకారం జుట్టు అంటే రక్తంలోని మిగులు. రాత్రిళ్లు మేలుకుని, ఒత్తిడి పెంచుకుంటే వేడి తలకెక్కి కాళ్లు చల్లబడతాయని ఈ వైద్యుల లెక్క. మనం ‘వేడి చేసింది’ అంటామే, ఇంచుమించు అదే. మందు కషాయం, ఆక్యుపంక్చర్ సూదులు, గోరువెచ్చని నీళ్లలో పాదాలు.

రెండో ఆయన చూపంతా మాడు మీదే. మగవాళ్ల బట్టతలకు వంశం, డీహెచ్‌టీ అనే మగ హార్మోన్ కారణమంటాడు. ఫినాస్టరైడ్, మినాక్సిడిల్ అనే మందులు రాసిస్తాడు. మానేస్తే మళ్లీ మొదటికే.

బట్టతలైతే నా ఓటు రెండో ఆయనకే, గట్టి ఆధారాలు అక్కడున్నాయి. జ్వరమో, ప్రసవమో, పెద్ద దిగులో అయిన రెండు మూడు నెలలకు ఊడే జుట్టు మాత్రం చాలామందికి దానంతటదే తిరిగొస్తుంది. అక్కడ మొదటాయన నిద్ర, తిండి ప్రశ్నలు పనికొస్తాయి. కానీ కషాయాల్లో పడే హసువో అనే మొక్క వేరు కాలేయాన్ని దెబ్బతీసిన కేసులున్నాయి. ఏం కలిపారో అడిగాకే తాగాలి.