ఆల్గే లెక్కకి మైక్రోస్కోపా, పిగ్మెంట్లా? ఏది మేలు?

చెరువు నీళ్లు పచ్చగా ఉంటే ఆల్గే (నాచు జాతి సూక్ష్మజీవులు) ఉందని ఎవరైనా చెప్తారు, ఏ రకం ఎంత ఉందో తేల్చడమే కష్టం. పాత పద్ధతిలో అయితే శాంపిల్‌లో కణాలు పాడవకుండా ల్యూగోల్స్ అయోడిన్ కలిపి, కణాలన్నీ అడుక్కి దిగాక ఇన్వర్టెడ్ మైక్రోస్కోప్ కింద గుర్తుపట్టి లెక్కపెట్టాలి. పిగ్మెంట్ (ఆల్గేలోని రంగు పదార్థం) పద్ధతిలో నీళ్లు ఫిల్టర్ చేసి, ఆ ఫిల్టర్‌ని అసిటోన్‌లో నానబెట్టి, దిగిన రంగుల్ని హెచ్‌పీఎల్‌సీ మెషిన్‌తో విడదీసి కొలుస్తారు.

క్లోరోఫిల్-ఎ అన్ని ఆల్గేలోనూ ఉంటుంది, మిగతా రంగులే గుంపుల్ని పట్టిస్తాయి. అలోజాంథిన్ కనిపిస్తే క్రిప్టోఫైట్లు, పెరిడినిన్ అయితే డైనోఫ్లాజెల్లేట్లు, ఎకినెనోన్ అయితే సైనోబాక్టీరియా (నీలి-ఆకుపచ్చ ఆల్గే). 2 మైక్రాన్లలోపు సైనోబాక్టీరియా మామూలు మైక్రోస్కోప్‌లో ఈజీగా తప్పిపోతాయి, వాటి రంగు మాత్రం ఇందులో దొరుకుతుంది. శాంపిల్స్ ఎక్కువున్నప్పుడు ఇదే నయం, పైగా లెక్కపెట్టే మనిషి మారితే లెక్క మారే బాధ ఉండదు.

కానీ చెరువుల్లాంటి ఉప్పులేని నీళ్లలో చిక్కు ఎక్కడొస్తుందంటే, ఫ్యూకోజాంథిన్ అనే రంగు డయాటమ్స్, క్రైసోఫైట్లు అనే రెండు గుంపుల్లోనూ ఉంటుంది, క్లోరోఫిల్-బి ఆకుపచ్చ ఆల్గేతో పాటు యూగ్లీనాలో కూడా ఉంటుంది, మురుగు కలిసే చెరువుల్లో యూగ్లీనాకి కొదవా చెప్పండి! రంగుల్ని గుంపులుగా పంచిపెట్టే కెమ్‌టాక్స్ ప్రోగ్రామ్ 1996లో ఆస్ట్రేలియాలో సముద్రపు ఆల్గే కోసం వచ్చింది, దానికి ఏ గుంపులో ఏ రంగు ఏ నిష్పత్తిలో ఉంటుందో మనమే ఇవ్వాలి, ఆ నిష్పత్తులేమో వెలుతురుని బట్టి కూడా మారతాయి. సముద్రం నిష్పత్తులు తెచ్చి చెరువుకి పెడితే మెషిన్ ఎంత ఖరీదైనదైనా జవాబు తప్పే వస్తుంది.

ఇంకోటి, 2014 ఆగస్టులో అమెరికాలో ఈరీ సరస్సులో మైక్రోసిస్టిస్ అనే విషం తయారుచేసే సైనోబాక్టీరియా పెరిగి, టొలీడో నగరంలో 4 లక్షల మందికి పైగా కుళాయి నీళ్లు తాగొద్దన్నారు. అలాంటప్పుడు హెచ్‌పీఎల్‌సీ సైనోబాక్టీరియా అని చెప్పి ఊరుకుంటుంది, అది మైక్రోసిస్టిసా ఇంకోటా అన్నది మైక్రోస్కోప్‌లో చూస్తేనే తెలుస్తుంది, విషం ఎంతుందో తెలియాలంటే రెండూ చాలవు, దానికి వేరే టెస్ట్ చేయాలి.

ఒక్కటే కొనగలిగితే నేను మైక్రోస్కోప్‌కే ఓటేస్తా, ఎందుకంటే చెరువులో ఏమేం ఉన్నాయో తెలియకుండా పిగ్మెంట్ లెక్కలు వేయడం రిస్కే. ఏళ్ల తరబడి చాలా చెరువుల్ని గమనించే పనైతే హెచ్‌పీఎల్‌సీ పెట్టుకోండి, కానీ ఫిల్టర్ చేసిన ప్రతిసారీ అదే నీళ్లు ఒక చిన్న సీసాలో పోసి ల్యూగోల్స్ వేసి చీకట్లో దాచండి, అనుమానం వచ్చినప్పుడు తీసి చూసుకోవచ్చు.